ఒకే 'సారా' కింద మూడు పానీయాలు: పర్ణశాల ఇప్పసారా, రియోహా ద్రాక్షాసవం

వ్యాససంగ్రహం:
స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు ఎర్ర ద్రాక్షాసవానికి వయస్సును, స్థలాన్ని బట్టి చట్టబద్ధమైన పేర్లు ఉన్నాయి. భద్రాచలం మన్యంలోని ఇప్పసారాకు మన చట్టభాషలో ప్రత్యేకమైన పేరే లేదు. సర్కారు సారా, గుడుంబా, ఇప్పసారా అనే మూడు భిన్న పానీయాలు 'సారా' అన్న ఒకే మాటలో కలిసిపోవడం వల్ల ఆదివాసీ సమాజానికి కలిగిన నష్టాన్ని, పేరు ఇవ్వబూనినప్పుడు ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఇప్పపువ్వు, కోయ సమాజం, అబ్కారీ, పెసా చట్టం, భౌగోళిక గుర్తింపు, రియోహా, పర్ణశాల.

1. ప్రవేశిక

గోదావరి ఒడ్డున పంచవటి తమదేనని చెప్పుకొనే ఊళ్లు రెండు ఉన్నాయి. ఎగువన నాసిక్, దిగువన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల. రామాయణంలోని ఆకుల కుటీరం అసలు ఎక్కడిదన్న వివాదం ఈ వ్యాసానికి అవసరం లేదు. సీతవాగు రాళ్లమీది రంగులను చూపి ఇవి సీతమ్మ నారచీర ఆరవేసిన గుర్తులని పర్ణశాలలో చెబుతారు. ఆ మాట వినడానికి భద్రాచలం వచ్చిన యాత్రికులు అక్కడిదాకా వెళతారు. స్థలానికి ఒక పేరు నిలబడితే గుడి, బజారు, జీవనోపాధి దాని వెంట వస్తాయనడానికి ఈ రెండు ఊళ్లూ సాక్ష్యాలే.

నాసిక్‌కు ఇటీవలి కాలంలో మరో పేరు తోడయింది. 'నాసిక్ లోయ వైన్' భారత ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) పొందిన పానీయం. ఆ ద్రాక్షతోటల చరిత్ర కొద్ది దశాబ్దాలది. స్పెయిన్‌కు చెందిన తెంప్రనీయో రకం ద్రాక్షను కూడా అక్కడ పండిస్తున్నారు. అదే నది దిగువన, పర్ణశాల చుట్టూ ఉన్న కోయగూడేలలో, తరతరాలుగా ఇప్పపువ్వుతో కాచే పానీయం ఉంది. దానికి గుర్తింపు లేకపోవడం ఒక ఎత్తు. అది గుండిగలో ఉన్నప్పుడు నేరానికి సాక్ష్యం కావడం మరొక ఎత్తు.

ఈ వ్యత్యాసాన్ని 'విదేశీ మోజు', 'స్వదేశీ చిన్నచూపు' అన్న మాటలతో తేల్చివేయడం సులువు. ఆ వివరణ నాకు చాలదనిపిస్తుంది. ఒక పానీయం గౌరవం దాని రుచిలో ఎంత ఉంటుందో, దాని గురించి రాసిపెట్టిన నియమాల్లోనూ అంత ఉంటుంది. అందుకే ముందుగా స్పెయిన్ ఉదాహరణను కొంచెం వివరంగా చూడటం అవసరం.

2. రియోహా: కాలానికి పెట్టిన పేర్లు

రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఏబ్రో నది లోయలోని ద్రాక్షసీమ. అక్కడి ఆరో అనే చిన్న పట్టణంలో 1877లో లోపెస్ దె ఎరేదియా కుటుంబం ఒక ద్రాక్షాసవశాలను స్థాపించింది. ఇప్పటికీ ఆ కుటుంబమే దానిని నడుపుతోంది. సంప్రదాయ రియోహాకు ఉదాహరణగా లోకమంతా చూపే శాలల్లో అది ఒకటి. వారి 'వీన్య తోందోనియా' అనే ఎర్ర ఆసవంలో నాలుగింట మూడు వంతుల మేరకు తెంప్రనీయో ద్రాక్ష ఉంటుంది. మిగిలినది గార్నాచా, గ్రాసియానో, మాసుయెలో రకాలు. ఓక్ కర్రతో పీపాలను ఆ శాలలోనే తయారు చేసుకుంటారు. ఆసవాన్ని ఒక పీపా నుంచి మరో పీపాకు మార్చి, అడుగున పేరుకొన్న మడ్డిని వేరుచేస్తారు. సీసాల్లో నింపేముందు కోడిగుడ్డు తెల్లసొనతో తేటపరుస్తారు. నేలమాళిగల్లో సాలెగూళ్లను దులపరు. బెరడు బిరడాలను తొలిచే చిమ్మెటలను సాలెపురుగులు అదుపులో ఉంచుతాయని వారి నమ్మకం. మన ఇళ్లలో పండుగకు ముందు జరిగే బూజు దులుపుడుకు ఇది సరిగ్గా వ్యతిరేకం!

పీపాలో జరిగేది ఏమిటి? ఓక్ కర్రలోని అతిసూక్ష్మ రంధ్రాల గుండా గాలి మెల్లమెల్లగా లోపలికి ప్రసరిస్తుంది. ద్రాక్షతొక్క నుంచి వచ్చిన వగరు పదార్థాలు (టానిన్లు) ఆ గాలి వల్ల ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులవుతాయి. నాలుకను పట్టే వగరు తగ్గుతుంది. ముదురు ఊదారంగు క్రమంగా ఇటుకరంగులోకి దిగుతుంది. అమెరికన్ ఓక్ నుంచి వెనిలా, కొబ్బరి వంటి వాసనలు దిగుతాయి. సీసాలోకి చేరాక గాలి దాదాపు అందదు. అక్కడ మార్పు మరింత నెమ్మదిస్తుంది. తాజాపండు వాసన పోయి ఎండిన పండు, తోలు, అడవినేల వంటి వాసనలు తలెత్తుతాయి. 'పాతబడటం' అనే మాటకు ఇక్కడ అర్థం చెడటం అని కాక, పక్వం కావడం అని.

ఈ పక్వానికి రియోహా చట్టం మెట్లు కట్టింది. ఎర్ర ఆసవం కనీసం 24 నెలలు నిలిచి, అందులో 12 నెలలు పీపాలో ఉంటే 'క్రియాన్సా'. 36 నెలలు నిలిస్తే 'రెసెర్వా'. 60 నెలలు నిలిచి, అందులో కనీసం 24 నెలలు పీపాలో గడిపితే 'గ్రాన్ రెసెర్వా'. పీపా పరిమాణం కూడా సుమారు 225 లీటర్లని నియమం ఉంది. తోందోనియా వంటివి ఈ కనీస గడువును దాటి, ఏళ్ల తరబడి పీపాల్లోనే ఉంటాయి. ప్రతి సీసా వెనుక నియంత్రణ మండలి ఇచ్చే సంఖ్యాచీటి అంటిస్తారు. రియోహాకు మూలస్థాన గుర్తింపు 1925లో వచ్చింది. మరుసటి ఏడాది నియంత్రణ మండలి ఏర్పడింది. ద్రాక్ష పండించేవారు, ఆసవం తీసేవారు ఇద్దరూ ఆ మండలిలో ఉంటారన్నది మన చర్చకు ముఖ్యమైన అంశం.

ఇక్కడ ఒక చారిత్రక వాస్తవాన్ని మరవకూడదు. రియోహా 'సంప్రదాయం' అనాదిది కాదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు తోటలను ఫిల్లోక్సెరా అనే వేరుపురుగు నాశనం చేసినప్పుడు అక్కడి వ్యాపారులు పిరనీస్ పర్వతాలు దాటి రియోహాకు వచ్చారు. చిన్న ఓక్ పీపాల్లో మాగబెట్టే పద్ధతి బోర్డో నుంచి తెచ్చుకున్నదే. పీపాకు కావలసిన కర్ర అమెరికా నుంచి వచ్చింది. అంటే పద్ధతి అరువుది, కర్ర దిగుమతిది, వయస్సు సుమారు ఒకటిన్నర శతాబ్దం. నియమాలు రాసుకొని, వాటిని తామే కాపాడుకున్నందువల్ల అది సంప్రదాయంగా స్థిరపడింది.

3. కౌటిల్యుని నాటి మాట

మూలస్థానాన్ని బట్టి మద్యానికి పేరు పెట్టడం పాశ్చాత్యుల ఆలోచన అనుకొనే పరిశోధకులు అర్థశాస్త్రంలోని సురాధ్యక్ష ప్రకరణం చూడాలి. ద్రాక్షరసంతో చేసినది 'మధు' అని, దాని పేర్లు అది పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అని కౌటిల్యుడు చెబుతాడు. కాపిశి నేటి కాబూల్‌కు ఉత్తరాన ఉన్న సీమ. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం అంటూ ఇతర పానీయాలను అవి తయారయ్యే పద్ధతిని బట్టి వేరుచేస్తాడు. అంతేకాదు, గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురను, ఔషధం కోసం అరిష్టాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చునని, ఉత్సవాలకు, యాత్రలకు నాలుగు రోజుల అనుమతి ఇవ్వాలని విధిస్తాడు. పన్ను విషయంలో కౌటిల్యుడు ఏమాత్రం ఉదారుడు కాడు. అయినా అమ్మకానికి చేసినది, ఇంటి వేడుకకు చేసినది ఒకటి కావన్న వివేకం ఆయన నియమంలో ఉంది.

చరకసంహిత సూత్రస్థానం పది పుష్పాసవాలను పేర్కొంటూ వాటిలో మధూకాన్ని చేర్చింది. మధూకమే మన ఇప్ప. తమిళంలో ఇరుప్పై, ఇలుప్పై, కన్నడంలో ఇప్పె, గోండీలో ఇరుప్. ఈ సజాతీయ పదాలు ఆ చెట్టుతో ద్రావిడభాషీయుల పరిచయం ఎంత పాతదో చెబుతాయి. చెరకు ఆలె లేని ఊరిలో ఇప్పపువ్వే చక్కెర అన్న అర్థం వచ్చే సామెత తమిళంలో ఉంది. ఆ సామెతలో పువ్వుపట్ల కొంత చులకన ఉన్నమాట నిజమే కాని, రసాయనికంగా అది సత్యదూరం కాదు.

4. పువ్వు నుంచి సారా దాకా

ఇప్పచెట్టు (మధుకా లాంగిఫోలియా) సపోటా కుటుంబానికి చెందినది. నాటిన చెట్టు పూతకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఆ తరవాత దశాబ్దాలపాటు పూస్తుంది. పోడు కోసం అడవి నరికినప్పుడు కూడా ఇప్పచెట్టును వదిలేయడం మన్యమంతటా కనిపించే ఆచారం. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఆకులు రాలిన కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. గబ్బిలాల వంటి జీవుల వల్ల రాత్రివేళ పరాగసంపర్కం జరిగాక, కండగల లేతపసుపు దళవలయం ఒక్కటే తెల్లవారుజామున రాలిపడుతుంది. అండాశయం కొమ్మకే ఉండి కాయ అవుతుంది. కాబట్టి పువ్వు ఏరుకోవడం వల్ల కాయకు, గింజకు, గింజనూనెకు లోటు రాదు. ఒకే చెట్టు ఒక ఋతువులో పువ్వును, మరో ఋతువులో నూనెను ఇస్తుంది.

ఏరడం ప్రధానంగా స్త్రీల పని. పొద్దుపొడవకముందే బుట్టలతో చెట్టుకిందికి చేరాలి. ఆలస్యమైతే పశువులు, ఎలుగుబంట్లు ముందే వస్తాయి. పువ్వు ఆకుల్లో కలిసిపోకుండా చెట్టుకింద ఎండుటాకును కాల్చే అలవాటు వల్ల అడవికి నిప్పంటుకొనే ప్రమాదం ఉంది. దీనిని దాచిపెట్టి ఇప్పను కీర్తించడం పరిశోధకునికి తగదు. చెట్టుకింద వలలు కట్టడం ఇందుకు ప్రత్యామ్నాయంగా కొన్ని ప్రాంతాల్లో మొదలైంది.

ఏరిన పువ్వును శుభ్రమైన నేలపై గోధుమరంగు వచ్చేదాకా ఎండబెడతారు. ఎండిన పువ్వులో సుమారు సగం బరువు చక్కెరలే. గాదెలో దాచిన ఈ పువ్వు వానకాలంలో, కొత్తపంట చేతికి రాకముందు, ఉడకబెట్టుకొని తినే ఆహారం. కరువు కాలాల్లో అడవిపల్లెలను నిలబెట్టినవాటిలో ఇప్పపువ్వు ముఖ్యమైనది. ఇదే పువ్వుతో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేస్తున్న లడ్డూలు ఇటీవల పేరు పొందాయి. ఇప్పను సారాతో మాత్రమే ముడిపెట్టే పట్టణవాసి చూపును ఆ లడ్డూ కొంత సరిదిద్దింది.

సారా కోసం ఎండుపువ్వును నీటిలో కొన్ని రోజులు నానబెడతారు. పువ్వుమీద సహజంగా ఉండే ఈస్టులు చక్కెరను మద్యంగా మారుస్తాయి. ఎండ ముదిరిన కొద్దీ గడువు తగ్గుతుంది. ఇలా పులిసిన ద్రవాన్నే 'ఊట' అంటారు. పోలీసు ప్రకటనల్లో 'ఊట ధ్వంసం' అని రోజూ చదివే మాట ఇదే. ఊటను పొయ్యిమీద కాచి, ఆవిరిని గొట్టం గుండా చల్లని పాత్రలోకి దింపడం ఒక పద్ధతి. కుండమీద కుండ పెట్టి, అన్నిటికన్నా పైన చన్నీళ్ల పాత్రనుంచి, దాని అడుగుకు తగిలిన ఆవిరి లోపలి చిన్న గిన్నెలోకి చుక్కలుగా రాలేటట్టు చేయడం మధ్యభారత అడవుల్లో విస్తృతంగా ఉన్న మరో పద్ధతి. పైపాత్రలో నీరు వేడెక్కినప్పుడల్లా మార్చాలి. ఎన్నిసార్లు నీరు మార్చారన్నదే అక్కడ సారా బలానికి కొలత. కొలపరికరం లేనిచోట లెక్క లేదనుకోవడం పొరపాటు.

తొలిచుక్కలు వేల్పులకు, గతించిన పెద్దలకు ధారపోయడం, పెళ్లిలోను చావులోను బంధువుల మధ్య మాట కుదిరిందనడానికి గుర్తుగా ఇప్పసారా తాగడం కోయ సమాజంలో ఉన్న ఆచారాలు. ఇప్పసారా వయస్సు పీపాలో లేదు. కాచిన కొద్ది రోజుల్లోనే వాడేస్తారు. దాని కాలం చెట్టులో ఉంది, గాదెలో ఉంది, ఏ చెట్టుకింద ఏ ఇంటివారు ఏరాలో తరాలుగా ఎరిగిన ఊరి జ్ఞాపకంలో ఉంది. రియోహా కాలాన్ని నెలల్లో కొలిచి చీటి అంటించింది. ఇక్కడి కాలానికి చీటి లేదు.

5. రెండు ఒడ్డులు, రెండు అబ్కారీలు

పర్ణశాల చరిత్రను అబ్కారీ చరిత్రగా చదవవచ్చు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరాయి. ఎదుటి ఒడ్డున పాల్వంచ సంస్థానం నిజాం రాజ్యంలో ఉండేది. ఒకే నది, ఒకే అడవి, ఒకే జనం. మద్యానికి మాత్రం రెండు చట్టాలు. నిజాం రాజ్యంలో అబ్కారీ ప్రధాన ఆదాయ వనరుల్లో ఒకటి; మద్రాసు ప్రభుత్వమూ అందులో వెనుకబడలేదు.

1879 మార్చిలో చెలరేగిన రంప తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఒకటి కల్లు. ఇంటి అవసరానికి తాటిచెట్టు గీసుకోవడం అప్పటిదాకా కొండజనుల హక్కు. దానిని నిషేధించి, గుత్తేదార్లకు వేలం వేశారు, పైన 'చిగురుపన్ను'. ముఠాదారులు, రైతులు తిరగబడ్డారు. తిరుగుబాటు రేకపల్లి మీదుగా భద్రాచలం ప్రాంతానికీ పాకింది. రేకపల్లిలో పోడుపన్ను పెంపు దానికి తోడైంది. ఆరోలో ఒక కుటుంబం ద్రాక్షాసవశాలకు పునాది వేసి అప్పటికి రెండేళ్లే అయింది! తాము తాగే పానీయంపై తమ అధికారాన్ని ఒకచోట కట్టుకుంటున్న కాలంలోనే మరొకచోట పోగొట్టుకున్నారు.

1886 మద్రాసు అబ్కారీ చట్టం ఈ వ్యవస్థను స్థిరపరచింది. వలసపాలనలోని ఇతర ప్రాంతాల్లో పువ్వునే అదుపు చేయబూనారు: బొంబాయి ప్రభుత్వం 1892లో ఠాణా, కొలాబా జిల్లాల కోసం ఇప్పపువ్వుపై ప్రత్యేక చట్టమే తెచ్చింది. తినే పదార్థాన్ని నేరసామగ్రిగా చూడటం అక్కడ స్పష్టంగా రాతకెక్కింది. సామాన్యుని ఆరోగ్యం పట్ల శ్రద్ధ అన్న మాట ముందుపెట్టినా, బట్టీసారా పన్నుకు ఇంటిసారా పోటీ కాకూడదన్నదే అసలు లెక్క.

స్వాతంత్ర్యం తరవాత 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు మారింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం అనుమతి లేకుండా మత్తుపానీయం తయారు చేయడమే కాదు, అందుకు ఉద్దేశించిన పదార్థాలను, పాత్రలను ఉంచుకోవడం కూడా 34వ సెక్షన్ కింద శిక్షార్హం. 2014లో పోలవరం ముంపు మండలాల బదలాయింపుతో భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్లే దారిలో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పట్టణం తెలంగాణ, మధ్యలో ఆంధ్రప్రదేశ్, మళ్లీ తెలంగాణ. ఇంకొంత దూరం అడవిలోకి నడిస్తే ఛత్తీస్‌గఢ్. అక్కడ నిర్ణీత పరిమితిలో ఆదివాసులు ఇంటి అవసరానికి ఇప్పసారా ఉంచుకోవచ్చు. ఇటువైపు గూడెంలోని అత్తగారి గుండిగ నేరం, అటువైపు గూడెంలోని కోడలి పుట్టింటి గుండిగ ఆచారం. అడవికి ఈ తేడా తెలియదు.

6. 'సారా' అన్న మాట చేసిన చేటు

తెలుగులో మద్యసంబంధ పదజాలం విచిత్రమైనది. మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంలో దాదాపు అన్నీ విస్కీ, బ్రాందీ, బీరు. వైన్ అడిగితే దుకాణదారుడు వింతగా చూస్తాడు. ఈ అయోమయంలో నవ్వుకోదగినది కొంతే. 'సారా' విషయంలో అయోమయం ప్రాణాంతకమైంది.

ఈ ఒక్క మాట కింద మూడు పానీయాలున్నాయి. మొదటిది సర్కారు సారా: గుత్తేదార్ల ద్వారా అమ్మిన బట్టీసారా, 1980లలో 'వారుణి వాహిని' పేరుతో పొట్లాలలో ఇంటిముందుకు వచ్చినది. రెండవది గుడుంబా: నల్లబెల్లం, పటిక, మరికొన్నిచోట్ల నవసాగరం వేసి పులియబెట్టి కాచే చాటుసారా. మూడవది ఇప్పసారా. ముడిపదార్థంలో, తయారీలో, తాగే సందర్భంలో, లాభం ఎవరికి చేరుతుందన్న దానిలో ఇవి మూడూ వేరు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం ఈ దేశ స్త్రీ ఉద్యమ చరిత్రలో గొప్ప ఘట్టం. ఆ స్త్రీలు ఎదిరించింది కూలిడబ్బును సాయంత్రానికి గుంజుకుపోయే పొట్లంసారాను, దాని వెనుకనున్న గుత్తేదార్ల రాజకీయాన్ని. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. విదేశీమద్యం దుకాణాలకు తిరిగివచ్చింది. సర్కారు సారా తిరిగి రాలేదు. ఆ ఖాళీలోకి గుడుంబా వ్యాపించింది. ఇప్పసారా అటు సర్కారుది కాదు, ఇటు గుడుంబా కాదు. అయినా నిషేధం దానిమీదా, దాడి దానిమీదా జరిగాయి.

ఇలా అన్నంత మాత్రాన ఇప్పసారా అమృతమని వాదించడం లేదు. ఏ మద్యమైనా అతిగా తాగితే కాలేయాన్ని, కుటుంబాన్ని చెరుపుతుంది; ఆదివాసీ స్త్రీలు కూడా తమ గూడేలలో తాగుడును ఎదిరించిన సందర్భాలున్నాయి. కల్తీసారా మరణాల వెనుక ప్రధానంగా ఉండేది పారిశ్రామిక మిథనాల్ కలపడం. ఆ ప్రమాదం వ్యాపారం ఉన్నచోట, తాగేవాడు కాచినవాడిని ఎరగనిచోట ఎక్కువ. పెళ్లికోసం పినతల్లి కాచినదానిలో దీనికి అవకాశం స్వల్పం. చట్టం చూడవలసిన తేడా ఇదే.

చట్టం ఒకసారి చూసింది కూడా. 1975 ప్రాంతంలో కేంద్రప్రభుత్వం ఆదివాసీ ప్రాంతాల ఎక్సైజు విధానానికి మార్గదర్శకాలు ఇస్తూ, అక్కడ వ్యాపార మద్యవిక్రయం ఆపాలని, సంప్రదాయ పానీయాలను ఇంటి అవసరానికి చేసుకోనివ్వాలని రాష్ట్రాలకు సూచించింది. కౌటిల్యుని వివేకానికి ఇది చాలా దగ్గరి మాట. 1996 నాటి పెసా చట్టం మరింత ముందుకు వెళ్లింది: 4(ఎం) సెక్షన్ మత్తుపదార్థాల నిషేధం, నియంత్రణ, పరిమితి విధింపు అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు ఇవ్వాలంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్నీ అదే సెక్షన్ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1998లో చట్టాన్ని సవరించుకొని, 2011లో పెసా నియమాలు రూపొందించింది. అవి తెలంగాణకూ సంక్రమించాయి. పువ్వుపైన హక్కు, పానీయంపైన నియంత్రణ రెండూ ఒకే సభకు ఉండాలన్నది ఈ చట్టం తర్కం. అమలులో పువ్వు సహకార సంస్థ ధర పట్టికకు చెందింది, పానీయం ఎక్సైజు ఠాణాకు చెందింది. మధ్యలో గ్రామసభ లేదు.

7. పేరు ఇస్తే ఎవరికి ఇవ్వాలి?

ఇతర రాష్ట్రాలలో అడుగులు పడ్డాయి. గోవా జీడిపండు ఫెనీ 2009లో భౌగోళిక గుర్తింపు పొందింది. 2016లో గోవా ప్రభుత్వం దానిని 'వారసత్వ మద్యం'గా చట్టంలో చేర్చింది. అస్సాం దిమాసాల బియ్యపు పానీయం 'జుదిమా'కు 2021లో గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, అలీరాజ్‌పుర్, దిండోరి జిల్లాల స్వయంసహాయక బృందాల ద్వారా సీసాలలో అమ్మకానికి తెచ్చింది. చిత్తూరు జిల్లాలో బట్టీ ఉన్న ఒక సంస్థ 2018లోనే ఇప్పసారాను గోవా విపణిలో ప్రవేశపెట్టింది. తెలుగునేల మీద కాచిన ఇప్పమద్యం తన తొలి బహిరంగ విపణిని గోవాలో చూసుకోవడం గమనించదగినది.

ఈ నమూనాలన్నీ ఒకటి కావు. జుదిమాలో పేరు ఒక సమాజానికి చెందినది. 2019లో అరకు అరబికా కాఫీకి గుర్తింపు వచ్చినప్పుడు దరఖాస్తుదారు కాఫీబోర్డు. గుర్తింపు నిజమే, గౌరవమూ నిజమే. పేరు వాడుకొనే నియమాలను గిరిజన రైతు రాశాడని మాత్రం చెప్పలేం. ఇప్పసారా విషయంలో ఈ దారి మరింత ప్రమాదకరం. ఇంట్లో కాచేవారిపై కేసు కొనసాగుతూనే, పట్టణంలో సీసా 'వారసత్వం' పేరుతో అమ్ముడుపోయే పరిస్థితి రావచ్చు. అప్పుడు 1879 నాటి గుత్తేదారు కొత్త చీటితో తిరిగివచ్చినట్టే. కాబట్టి ఇంటి అవసరానికి కాచుకొనే హక్కును ముందు గుర్తించి, ఆ తరవాతనే విపణి సంగతి చూడాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. క్రమం తారుమారైతే పేరు మేలు చేయదు.

రియోహా నుంచి నేర్చుకోదగినది పీపా కాదు. ఇప్పసారాను ఓక్‌లో మాగబెట్టి 'గ్రాన్ రెసెర్వా' చేయబోతే అది మరో విస్కీ అవుతుంది. నేర్చుకోదగినది నియమపత్రం రాసే పని. భౌగోళిక గుర్తింపు దరఖాస్తుకు పానీయం వివరణ, తయారీ పద్ధతి, స్థలంతో దానికున్న సంబంధం, తనిఖీ వ్యవస్థ, ప్రాంతపు పటం కావాలి. పువ్వు ఏ నెలల్లో ఏరాలి, నిప్పు పెట్టకుండా ఎలా ఏరాలి, ఎంత ఎండాలి, ఊట ఎన్ని రోజులు, బెల్లం, పటిక చేరిన దానికి ఈ పేరు చెల్లదన్న నిబంధన, నీళ్లు ఎన్ని మార్పులకు ఏ పేరు: ఈ జ్ఞానమంతా గూడేల స్త్రీల దగ్గర ఉంది, మౌఖికంగా. దానిని కోయభాషలో, కోయమాటలతో సేకరించే పని మన విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద, మానవశాస్త్ర విభాగాలు చేయదగినది. 1870లలో దుమ్ముగూడెంలో నివసించిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవనంపై ఇండియన్ ఆంటిక్వరీలో రాసిన వ్యాసాలు ఇప్పటికీ ఆకరాలుగా నిలిచాయి. ఒక పరదేశి ఆనాడు చేసిన పాటి నమోదు ఇప్పపొయ్యి విషయంలో ఈనాడు మనం చేయలేకపోవడానికి సాకు కనిపించదు.

చివరి చిక్కు పటానిది. ఇప్ప పూచే కోయనేల తెలంగాణలో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. ఒక్క రాష్ట్రమే దరఖాస్తు పెడితే పటం నదిదగ్గరో హద్దురాయిదగ్గరో ఆగిపోతుంది, వంటపద్ధతి ఆగదు. మూడు వైపుల గ్రామసభలు ఒకే తీర్మానంపై వేలిముద్రలు వేయడానికి ప్రస్తుత చట్టాలలో అడ్డేమీ లేదు. అటువంటి తీర్మానపు ముసాయిదాను ముందుగా ఏ భాషలో రాయాలన్నది పర్ణశాల వైపు గూడేలలో కూర్చొని తేల్చవలసిన విషయం.